మొగునికి నా ఆకు, పెండ్లానికి నీ ఆకు

ఏం మేరాజక్కా, ఇదేమన్నా బాగుండాదా? మనిషి వచ్చి వాకిట్లో నిలబడితే తలకాయ ఎత్తకుండా శెనక్కాయలు ఒలుచుకుంటాండావే! బావిపనికి మనుషుల్ని కుదిర్చే చౌడప్పంటే ఈ తాలూకాలో ఎవురైనా మంచమేసి కూర్చోబెడతారు. నువ్వేమో చాప గూడా జరపకపోతివి.

సరేలే, నేనే కూర్చుంటా. నీదీ నా పనే గదా, ఇద్దరం మనుషుల్ని కుదిర్చి బతికేటోల్లమే. ఇన్నేండ్లూ ఈ ఇంటికి రాకుండా ఉండింది నేనే గానీ, నువ్వు రావద్దని ఎప్పుడూ అనలేదు. ఆ మాట ఒప్పుకుంటా. ఇంగో మాట మాత్రం చచ్చినా వదులుకోను. రామాంజులు నా మనిషి!

ఏ రామాంజులని అడగతాండావా? భలే అడిగినావులే! రాతిలో బావి పడాలంటే సమ్మెట పట్టే రామాంజులు కాకుండా ఇంగెవుడుండాడప్పా? సంతలో అందరూ చూస్తాండంగా వాని చేతిలో నేను ఆకూ వక్కా పెడితి. వాడు కండ్లకద్దుకోని నోట్లో వేసుకునె. మన పనిలో అంతకంటే స్టాంపు కాయితం ఉండాదా? ఆకు తీసుకున్నాంక కన్నతల్లి పిలిచినా ఇంకొకరి పనికి పోగూడదు. ఇచ్చినోడు వెనక్కి అడగగూడదు. అడిగినాడంటే మల్ల వాని ఆకు ఎవుడూ ముట్టడు. ఆ పొద్దుతో వాడు మేస్త్రితనం చాలించుకోని ఇంట్లో పండుకోవాల్సిందే.

అదే గదా నేనూ చెప్తాండేది! నువ్వూ ఇచ్చినావు. ఎవురికిచ్చినావు? వాని పెండ్లానికి! అదే సంతలో, గాజులంగడి పక్కన, తిప్పమ్మ చేతిలో నీ ఆకు పెడితివి. నేను కళ్యాణదుర్గం దావలో బసప్ప బావికని మొగున్ని కుదుర్చుకుంటి. నువ్వు గుంతకల్లు దావలో ఈరన్న బావికని పెండ్లాన్ని కుదుర్చుకుంటివి. అదొక దిక్కు, ఇదొక దిక్కు. మొగుడూ పెండ్లాల్ని నడుమకు చీల్చినాం గదక్కా మనిద్దరం!

నీకు తెలీదంటావా? నాకు మాత్రం తెలుసునా? మొగునికిస్తే పెండ్లానికి ఇచ్చినట్లేనని నేననుకుంటి. ఆడోల్లకు వాల్ల చేతికే ఇయ్యాల, మొగుణ్ణి అడిగేదేందని నీ పద్ధతి. పద్ధతి బాగనే ఉండాది, కాదనను. కాకపోతే ఆ జంట సంగతి నీకూ తెలుసు. ఆయమ్మ రాతిమీద పొడుగు ఉలి నిలబెట్టి పట్టుకుంటాది, వాడు పైనుంచి సమ్మెటేస్తాడు. దెబ్బ దెబ్బకూ ఆయమ్మ ఉలిని రొంత తిప్పతాది. రొంత గురి తప్పినా చెయ్యి నుజ్జు. ఈ పొద్దుటికీ ఆయమ్మ చేతిమీద గీత పడలేదు. వాల్లిద్దర్నీ విడదీసి ఎవురేం చేసుకుంటారు?

నేను తెలివికి పోయి ఏం చేస్తినో చెప్తే నగుతావు. ఉలి పట్టుకోనీకి నల్లమ్మను పిలుచుకోనిపోతి. మనిషి దిట్టంగా ఉంటాది, ఉలి కదలకుండా పట్టుకుంటాదిలే అనుకుంటి. రామాంజులు సమ్మెట ఎత్తినాడు. ఎత్తినోడు ఎత్తినట్లే నిలబడె. మెల్లగా దించి, "చౌడప్పన్నా, ఈయమ్మ కండ్లు మూసుకోని దేవున్ని తలుచుకుంటాండాది, నాచేత గాదు" అనె. నల్లమ్మకు రోషమొచ్చి, "నేనేమన్నా చావనీకి వచ్చినానా ఈడికి?" అని ఉలి ఆడ్నే పారేసి పోయె. మల్ల నా మొగం చూడలేదు.

నగు, నగు. నీ కథా విన్నాలే! ఈరన్న బావికాడ సమ్మెటేసేదానికి పుల్లన్నను తోలుకోనిపోతివంట గదా? వాడు సమ్మెట ఊపింది ఒక్కసారి చూసి తిప్పమ్మ ఉలి పక్కన పెట్టి, "మేరాజక్కా, నాకుండేది రెండు చేతులే" అనెనంట. కాదను చూద్దాం! పుల్లన్నే కల్లంగడికాడ చెప్పి చెప్పి నగతాండె.

ఇంటికాడ ఇంగా వేడుక. "నేను ముందు తీసుకుంటి" అని వాడు, "లేదు నేనే ముందు" అని ఆయమ్మ. ఇద్దరికీ మాటల్లేవు. ఒకే గుడిసెలో రెండు పొయ్యిలంట! రామాంజులు వండుకున్న సంగటి కుక్క గూడా ముట్టలేదంట పాపం.

నువ్వూ నేనూ నగుతాండాం గానీ, బసప్పకు నగొస్తాదా? బావిలో మట్టి పోయి రాయి తగిలినాంక పని నిలిచిపోయె. ఎండలుండంగానే రాయి పగలాల, వాన పడితే బావిలోకి మనిషి దిగలేడు. బసప్పోల్ల పల్లెలో ఆడోల్లు కడవలెత్తుకోని పక్కూరి దాకా నడస్తాండారు. నిన్న బసప్ప నలుగుర్లో నిలబెట్టి అడిగె, "ఏమప్పా చౌడప్పా, ఆకిచ్చిన మనిషిని తేలేనోనివి నువ్వేం మేస్త్రివి?" అని. తుంగభద్ర డ్యాం కట్టేటప్పుడు బండ్లకు బండ్లు మనుషుల్ని హొస్పేటకు తోలినోన్ని, నలుగుర్లో తలొంచుకోని నిలబడితి. నాకు సేద్యం లేదు, సదువు లేదు. నాకుండేది నా ఆకుకుండే పేరొక్కటే. అది పోతే నేనేమైతా చెప్పు?

ఇట్ల ఇయ్యి రొన్ని కాయలు, నేనూ ఒలుస్తా. ఊరికే కూర్చుంటే చేతులకు తోస్తాలేదు.

అక్కా, నేను మనిషి మొగం చూసి కుదుర్చుకోను, తెలుసునా? వాని సమ్మెట పిడి చూస్తా. పిడి ఒకే చోట అరిగి నున్నగుంటే వాడు పనోడు. అంతటా అరిగుంటే వానికి పట్టు కుదరలేదని లెక్క. గాడిదలు కాసేటోన్ని, జాతరలో మిఠాయి అమ్మేటోన్ని గూడా పట్టుకొచ్చి రాతిపనిలో పెట్టినోన్ని. కానీ ఎవురికి ఎవురితో పడదో నాకేం తెలుస్తాది? పోయినేడు మంచి మంచోల్లను ఏరి ఒక గుంపు చేస్తి. పనికి దిగిన పొద్దే బావా బామ్మర్దులు ఇద్దరు కొట్టుకునిరి. రాయి పగల్లేదు గానీ తలకాయలు పగిలె. యాలరా అంటే, ఎప్పుడో పెండ్లిలో ఒకనికి కూర తక్కువేసినారంట! నాకెవుడు చెప్పినాడప్పా ఆ కూర సంగతి?

నీకైతే తెలిసుంటాది. ఎవురింటి కుండలో నీల్లు ఎవురు తాగుతారో, ఏ అత్త ఏ కోడల్ని పనికి పంపుతాదో, అన్నీ నీకు తెలుసు. నీ గుంపు ఒక్కసారైనా నడుమలో చెడిందా? లేదు. నాకు కడుపుమంట గాబట్టి పైకి చెప్పలేదు గానీ, లోపల అనుకుంటానే ఉంటి.

మనిద్దరం పొత్తు పెట్టుకుంటే ఎట్లుంటాది అక్కా? నీ పనికి నా మొగోల్లు, నా పనికి నీ ఆడోల్లు. ఏ బావైనా ఇద్దరి పేరుమీదా ఒకే ఆకు. వచ్చిన దుడ్లు చెరి సగం. ఇచ్చే ముందర ఒకరినొకరు అడగాల, అంతే! ఆ బుద్ధి ముందే ఉండింటే రామాంజులు ఈ పొద్దు మాడు సంగటి తింటాడా?

ఏం, ఎవురి బావి ముందు అంటావా?

అదీ అసలు మాట. అది చెప్పనీకి నోరు రాకనే ఇంతసేపు ఊర్లో సంగతులన్నీ వాగతాండా.

నీ బావే ముందు. అప్పుడే పంపించేసినా. పొద్దున్నే రామాంజులు కొలిమికాడ సమ్మెటకు కొత్త పిడి వేయించుకుంటాండె. నేను పోయి, "అబ్బయా, నా మాట పక్కన పెట్టు, ఈరన్న బావికి పో. నీ పెండ్లాం అదే బావికి ఆకు తీసుకునింది గదా, ఆడికే వస్తాది" అంటి. వాడు నా మొగం ఒక తూరి చూసి, ఇంటికి గూడా పోకుండా ఆడ్నుంచి అట్నే గుంతకల్లు బస్సెక్కె.

యాలంటావేందక్కా? నా పేరు పోతే నేనొక్కన్నే చెడతా. మొగోల్లకేం, ఇంకొక మేస్త్రిని చూసుకుంటారు. నీ పేరు పోతే? ఆడోల్లు పొలిమేర దాటి పనికి పోతాండేది "మేరాజక్క తోడుంటాది" అనే ఒక్క మాటమీద. ఆ మాట చెడితే వాల్లను ఇంట్లోనుంచి ఎవురు పంపుతారు? మా చెల్లెలు కదిరమ్మ మొగుడు పోయినాంక నీ గుంపులోనే గదా గంప మోసుకోని పిల్లోల్లను సాకింది. నీకు ఒక్క మంచిమాట చెప్పలేదు నేనెప్పుడూ. ఈ పొద్దు చెప్తాండా. నీవల్లనే మా చెల్లెలు తలెత్తుకోని బతికింది.

అయ్యో, ఏందక్కా, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటివి? ఏడవద్దు, నేనేమంత పెద్ద... ఏందీ, నగుతాండావా? ఇంత మాట చెప్తే నగుతాండావా!

ఏమంటివి? మల్ల చెప్పు. తిప్పమ్మను బసప్ప బావికి తోలితివా? నువ్వా? పొద్దున్నేనా! "నీ మొగుడు నీకోసం ఆడ కాసుకోనుంటాడు, నా పని తర్వాత చూద్దాం, పో" అంటివా? చౌడప్ప నలుగుర్లో తలొంచుకునె అని విని, నీకు సంగటి దిగలేదా?

అయ్యో నా తల్లీ!

అంటే ఇప్పుడు మొగుడేమో సమ్మెట పట్టుకోని ఈరన్న బావికాడ పెండ్లాం కోసం కాసుకోనుండాడు. పెండ్లామేమో ఉలి పట్టుకోని బసప్ప బావికాడ మొగుని కోసం కాసుకోనుండాది. ఇద్దరూ మల్ల ఒకర్నొకరు తిట్టుకుంటాంటారు. ఈడ మనం పెద్ద మేస్త్రులం ఇద్దరం చాపమీద కూర్చోని శెనక్కాయలు ఒలుచుకుంటాండాం!

ఇంగ పొత్తుకు ఒప్పుకుంటావా అని అడిగేదేముండాది? ఒప్పుకోకపోతే ఈ తాలూకాలో ఒక్క బావి పడదు.

లే అక్కా, లే. మీ ఇంటాయన్ను బిరీన బండి కట్టమను. నువ్వు ఆ దావన పోయి రామాంజుల్ని బసప్ప బావికి పిలుచుకోని రా. నేను ఈ దావన పోయి తిప్పమ్మను ఈరన్న బావికి పిలుచుకోని...

వద్దు వద్దు వద్దు! ఇద్దరం ఒకే బండిలో పోదాం పా.