బంగారక్క బావి కాడి జాజులు

మన పడమటి డొంక చివర, చిల్లచెట్ల వెనకాల ఒక దిగుడుబావి ఉంది చూశారూ, అదే బంగారక్క బావి. గొడ్లు కాసేవాళ్ళు కూడా అటు తోలరు. ఎందుకు తోలరో మీలో ఒక్కరికన్నా తెలుసా? తెలీదు. అమ్మ వద్దంది, అమ్మమ్మ వద్దంది అని మానుకున్నారంతే. కాస్త ఇటు జరిగి కూర్చోండి, ఆ టీవీ కట్టేసి రండి ఎవరన్నా, చెప్తాను.

బంగారక్కకి పంతొమ్మిదేళ్ళకే మొగుడు పోయాడు. పుట్టింటికొచ్చేసి, అన్నదమ్ములు పనికిరాదని వదిలేసిన ఆ బావి పక్క నేల చెక్కలో పూలతోట వేసింది. కనకాంబరాలు, జాజులు, చంద్రకాంతలు, మరువం, ఒకటా రెండా, ముప్పై ఏళ్ళు బిందెలతో నీళ్ళు మోసి పెంచింది. ఊళ్ళో పెళ్ళయినా పేరంటమైనా పూలు ఆవిడ తోటవే, ఆవిడ తల్లోకి మాత్రం ఒక్క రెక్క ఎక్కడానికి లేదు, ఆ రోజులట్టాంటివి. ఆఖరికి నీళ్ళు అడుగంటిన ఒక ఏడు, భాద్రపదంలో, బిందె తీసుకుని కిందికంటా దిగి, పాచి పట్టిన మెట్టు మీద కాలు జారి పోయింది పాపం. మరి ఆ తర్వాత నీళ్ళు పోసే దిక్కు లేదు కదా, తోట ఎండిపోవాలా వద్దా? ఎండలేదు. అదీ సంగతి.

పూలకని పోయినవాళ్ళు లేకపోలేదు. కంసాలి వీరాచారి పెళ్ళాం ముచ్చటపడిందని ఒక బుట్టెడు కోసుకొచ్చాడు, అంతే, మూడు రోజులు చేతుల తడి ఆరలేదు. తువ్వాలుతో తుడిస్తే మళ్ళీ నీళ్ళు కారతన్నాయంట, కుంపటి మీద పెట్టినా కారతన్నాయంట. ఇక దాంతో ఊరు ఊరంతా అటు పోవడం మానేసింది.

ఇప్పుడు చెంచురత్నం సంగతి చెప్తా. చెంచురత్నం పూలు కట్టే మనిషి, బస్సులు ఆగే చోట బుట్ట పెట్టుకుని కూర్చునేది. ఇరవైమూడేళ్ళకి మొగుడు పోతే అత్త పేరమ్మతోనే ఉండిపోయింది. పేరమ్మకీ మొగుడు లేడు, ఆ కొంపలో ఇద్దరూ బోసితలలే. నోరు మంచిది, చెయ్యి చురుకు, మూర కొలిస్తే ఒక జానెడు ఎక్కువే పడేది. ఆ ఏడు శ్రావణమంతా చినుకు లేదు. చవితి రేపనగా పందిట్లోకి దండలూ ఇంటింటికీ పూలూ తనే తెస్తానని ఒప్పుకుంది, ఒప్పుకోకపోతే పట్నం నుంచి పూల వ్యాను పిలుస్తామన్నారు పెద్దలు, ఒకసారి వ్యాను మరిగారా ఇక తన బుట్ట వంక చూస్తారా ఎవరన్నా? పొద్దున్నే బయల్దేరింది. చేలగట్లన్నీ తిరిగింది, వాగు వార తిరిగింది, కొండ కిందికి పోయింది. తుమ్మిపూలు గుప్పెడు దొరికాయి, తంగేడు మొగ్గ మీదే మాడిపోయింది. అట్టా తిరిగి తిరిగి, పొద్దు వాలే వేళకి కాళ్ళు పీకి ఆ బావి కాడ తేలింది.

అక్కడ చూస్తే ఏముందనుకున్నారు? గట్టు పొడుగునా తంగేడు పచ్చగా విరగబూసింది, కంచె మీద నాభి పూలు మంటల్లాగా పైకి పాకాయి, వాటి మధ్య నీలంగా శంఖుపూలు, లోపల అప్పుడే విచ్చుకుంటున్న చంద్రకాంతలు, పందిరి నిండా జాజులు. నెల్లాళ్ళుగా వాన లేదా, పాదుల్లో మన్నేమో తడితడిగా ఉంది. నేనైతే బుట్ట అక్కడే పారేసి వచ్చేదాన్ని. చెంచురత్నానికీ భయమే, కానీ వట్టి బుట్టతో ఊళ్ళోకి పోవడం ఇంకా భయం. కొంగు నడుముకి దోపి, ఎవరూ లేని బావి వైపు తిరిగి, "అక్కా, ఊరందరికీ మాటిచ్చాను. కోసుకోనా?" అని అడిగింది. అంతకుముందు పోయినవాళ్ళెవరన్నా అడిగారా? ఒక్కడూ అడగలేదు.

బావిలో బుడుంగుమని బిందె మునిగిన చప్పుడయింది. ఆ తర్వాత తడి కాళ్ళు ఒక్కో మెట్టూ ఎక్కి వస్తున్న చప్పుడు. వెనక నుంచి గొంతు, "విచ్చినవి కోసుకో. మొగ్గలు ముట్టుకోమాక."

కోసింది. బుట్ట నిండాక అదే గొంతు, "నార ఉందా? నాకు ఒక మూర జాజులు కట్టి పెట్టు" అంది. చెంచురత్నం బొడ్లో అరటినార తీసి, కన్నెత్తకుండా కట్టింది, ఆ మనిషి వచ్చి మెట్టు మీద ఇటు వీపు పెట్టి కూర్చుంది. నీళ్ళు కారే జుట్టంట, నేల మీదికి జారే అంత జుట్టు, పాచి వాసన, చల్లగా రాయిలాగా తగిలిందంట. చెంచురత్నం జాజులు ఆ జుట్టులో పెట్టింది. అప్పుడు ఆ మనిషి మెల్లిగా, సిగ్గుపడుతున్నట్టుగా, "ఎట్టా ఉన్నాయే?" అని అడిగింది.

చెంచురత్నానికి భయం ఎక్కడికి పోయిందో, కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. "బాగున్నాయక్కా. నీ తలకే పూసినట్టున్నాయి."

"అయితే నువ్వూ తిరుగు" అంది బంగారక్క.

చెంచురత్నం వీపు తిప్పి కళ్ళు మూసుకుంది. మెడ మీద మంచుముక్కల్లాంటి వేళ్ళు. ముడి చుట్టూ మూరెడు జాజులు చుట్టి, "ఇంకొకరు తీయడానికి లేదు" అని చెప్పి పోయింది. కళ్ళు తెరిచేసరికి మెట్ల మీద తడి పాదాలే ఉన్నాయి, అవీ కిందికి దిగి పోతున్నాయి.

ఇక చూడండి. దీపాలు పెట్టే వేళకి చెంచురత్నం తలనిండా పూలతో ఊరి మధ్య నుంచి నడిచొచ్చింది. పందిట్లో వాళ్ళంతా మెడలు చాచి చూశారు. ఇంటి ముందు అమ్మలక్కలు మూగారు. పేరమ్మ గుమ్మంలో నిలబడి, "ఎవరు పెట్టారే అవి?" అంది.

"బంగారక్క పెట్టింది అత్తా. తీసెయ్యమంటే తీసేస్తా, ఎవరు తీయమన్నారని అడిగితే మాత్రం పేరు చెప్తా. చెప్పండి, ఎవరి పేరు చెప్పను?"

అమ్మలక్కలకి ఒక్కసారిగా పొయ్యి మీద పాలు గుర్తొచ్చాయి. వాకిలి ఖాళీ. పేరమ్మ మాత్రం కదల్లేదు. "కాస్త వంగు" అంది. పీకేస్తుందేమోననుకుంది కోడలు. పీకలేదు. ముక్కు దగ్గర పెట్టి గట్టిగా ఊపిరి పీల్చి లోపలికి పోయింది.

చవితి బ్రహ్మాండంగా జరిగింది, పందిరంతా ఆ పూలే, దేవుడి మీద దెయ్యం పూలేంటని అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయె. ఆ మర్నాడు సాయంత్రం పేరమ్మ ఇంట్లో కనబడలేదు. కోడలు వెతకబోయేలోపు డొంక మీద కనపడింది, అరవై రెండేళ్ళ మనిషి, నెరిసిన ముడి చుట్టూ ఎర్రటి చంద్రకాంతలు, పెళ్ళికూతురు నడిచినట్టు తల దించుకుని వస్తోంది. "నన్నే పిలిచింది, ఏం చెయ్యను" అందంట.

తర్వాత ఇంకొకావిడ, ఆవిడదీ బోసితలే, ఆ బావి కాడికి పోయింది. ఆ తర్వాత ఇంకొకావిడ.

అందుకే చెప్తున్నా, ఆ బావి వైపు పోకండి. అందులోనూ ఈ భాద్రపదం సాయంత్రాలు అస్సలు పోవద్దు. ఈ ఊరి మొగుళ్ళు పోయిన ముసలాళ్ళం అందరం అక్కడే ఉంటాం, మా పూల కోతకి అడ్డం వస్తారు. బంగారక్కయినా ఊరుకుంటుందేమో గానీ, మేం ఊరుకోం.