గోదారి మోసుకొచ్చిన నేల

వరద తీశాక గోదారి నడుమ కొత్తగా ఒక లంక తేలింది. కొలుద్దామని పడవ దిగిన సర్వేయరుకు అక్కడ దోసగింజలు నాటుతున్న పెద్దావిడ కనిపించేసరికి ఒళ్లు మండింది.

"ఎవరమ్మా మీరు? ఇది అవతలి జిల్లా లెక్కలోకి వస్తుంది."

"అవతలిదేంటండి? పోయినేడు వరదకి మా గట్టున అరెకరం కోసుకుపోయింది. ఆ మట్టే ఇక్కడ మేట వేసింది."

"మీ మట్టేనని ఎవరు చెప్పారు?"

"మా నేలని గోదారి తీసుకెళ్లిపోయిందని రాసుకెళ్లింది మీ ఆఫీసు వాళ్లే కదండీ. తీసుకెళ్లి ఎక్కడ పెట్టిందో మాత్రం అడగరేం?"

"నదిలో కలిసిన నేల మీద హక్కుండదమ్మా. లేవండి. లేదంటే పోలీసుల్ని పిలవాల్సొస్తుంది."

"పిలవండి. వాళ్లొచ్చేసరికి మొలకలొచ్చేస్తాయి. కాస్త చూసుకుని నడవమని చెప్పండి."

ఆవిడ ఇంకో గుంట తీసి గింజలు వేసి, అరచేత్తో ఇసుక కప్పింది. సర్వేయరు టేపు విప్పబోయి ఆగిపోయాడు. ఈసారి అధికారంతో కాదు, నిజంగానే తెలుసుకుందామని అడిగాడు.

"వచ్చే వరదకి ఇదీ కొట్టుకుపోతే ఏం చేస్తారు?"

మిగిలిన గింజల్ని ఆవిడ కొంగున ముడేసుకుంది.

"ఎక్కడ తేలితే అక్కడికొస్తానండి. మీరు టేపు తెచ్చుకోండి, నేను గింజలు తెచ్చుకుంటాను."