పిల్లల గదికి ఏడు వేలిముద్రలు

సంగారెడ్డి మేజిస్ట్రేటు గారి ఎదుట, 18-3-1977 శుక్రవారం ఉదయం పదకొండున్నరకు, నా చేత్తో రాసి ఇస్తున్న వాంగ్మూలం.

ముందుగా నా తెలుగులోని లోపాలను మన్నించాలి. చిన్నప్పుడు జిన్నారం బడిలో నా చదువు ఉర్దూలో సాగింది. తెలుగు రాయడం ముప్పై రెండో ఏట రాత్రి బడిలో నేర్చుకొని, మెట్రిక్కు సెకండు క్లాసులో ప్యాసయ్యాను. ఈ సంగతి ఇక్కడ అవసరమా అని కోర్టు గుమాస్తా గారు అడిగారు. అవసరమే. జరిగినదంతా ఈ చదువు వల్లనే జరిగింది.

నా పేరు పిట్ల నరసరాజు. తండ్రి పేరు వెంకటేశం. వయస్సు 48. పటాన్‌చెరు దగ్గర కిషన్‌రావు గారి సీసాల ఫ్యాక్టరీలో పదకొండేళ్ళుగా హాజరు గుమాస్తాను. మందుల కంపెనీలు వాడిన సీసాలను సోడా కలిపిన వేడినీళ్ళలో కడిగి తిరిగి పంపడం అక్కడి పని. కడిగేవాళ్ళంతా ఆడవాళ్ళు, ముప్పై ఏడుగురు.

1976 నవంబరులో ఫ్యాక్టరీల చట్టం మారిందని సర్కారు కాగితం వచ్చింది. అంతకు ముందు యాభై మందికి మించి ఆడవాళ్ళుంటేనే వాళ్ళ పిల్లలకు గది, ఒక ఆయా ఉండాలి. ఇప్పుడు ముప్పైకి మించితే చాలు. యజమాని నన్ను తన గదిలోకి పిలిపించారు.

"నర్సరాజూ, నువ్వు సదువుకున్నోనివి. గిదేంది, జెర సమజ్ చెయ్యి."

చదివి చెప్పాను. ఆయన కాగితం పక్కన పెట్టారు. "గంతేనా? సున్నం గోదాం ఖాళీ చేయించి నాలుగు ఉయ్యాలలు కట్టిస్తే అయిపాయె. ఇగ పరేషాన్ ఎందుకు?"

ఈ మాట ఆయన అన్నారు. ఇది రికార్డులో ఉండాలి. గది కట్టడానికి ఆయన సిద్ధపడ్డారు. అవసరం లేదని చెప్పినవాణ్ణి నేను. "ముప్పైకి మించితేనే కదండీ. పట్టీలో ముప్పై మందినే ఉంచుదాం" అన్నాను. కాంట్రాక్టరు కింద చూపినా లెక్కలోకి వస్తారని కూడా నేనే చదివి చెప్పాను. కాబట్టి మిగతా ఏడుగురినీ రాజీనామా చేసినట్టు రాసి, పాత సీసాలు తెచ్చి అమ్ముకొనే బయటివాళ్ళుగా చూపాలన్నాను. పని మాత్రం యథాప్రకారం.

"శభాష్! వకీలుకు తక్కువ లేవు. కూసో" అన్నారు.

పదకొండేళ్ళలో ఆ గదిలో నన్ను కూర్చోమనడం అదే మొదటిసారి. కూర్చున్నాను.

6-12-1976 సోమవారం ఉదయం ఎనిమిదింటికి ఏడుగురిని పిలిచాను. సంతకం రానివాళ్ళు మొత్తం తొమ్మిదిమంది. వారిలో ఇద్దరి ఇళ్ళలో చదువుకున్నవాళ్ళున్నారు కనుక వదిలేశాను. వెలిమెల నుంచి వచ్చే ముత్యమ్మ తన కాగితం చేతిలోకి తీసుకొని తిప్పి చూసింది.

"సారూ, గిండ్ల ఏం రాసిండ్రు? జెర సదువుండ్రి."

కాగితం కళ్ళ ముందు పెట్టుకొని, చదువుతున్నట్టుగా ఇలా అన్నాను: "మా పిల్లలకు నీడపట్టున ఒక గది ఇప్పించమని సర్కారుకు చేసుకొను అర్జీ."

పక్కనున్న కౌసల్య నవ్వింది. ఆమెకు యాభై దాటాయి. "ఉయ్యాల గూడ కడ్తరా సారూ? కడ్తే మొదలు నేనే పంట. పోరగాండ్లు తర్వాత."

"పండుదువు తియ్యి. నిన్ను ఊపెటందుకు ఇంకో ఆయమ్మను పెట్టాలె" అన్నది ముత్యమ్మ. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ముత్యమ్మ బొటనవేలు పట్టుకొని ముద్ర వేయించాను. ఆమె వేలికంటిన సిరాను తలవెంట్రుకలకు రుద్దుకొని, "జల్దీ కట్టియ్యుండ్రి సారూ" అని పనిలోకి వెళ్ళింది. అది ఆమె రాజీనామా. దాని కింద, "చదివి వినిపించగా సరియని ఒప్పుకొని వేలిముద్ర వేసినది" అని నేను రాశాను. ఏడు కాగితాల మీదా రాశాను. అక్షరాలు గుండ్రంగా, కుదురుగా వచ్చాయి.

14-3-1977 సోమవారం ఉదయం పదకొండూ పదికి ముత్యమ్మ కూతురు నాగేశ్వరి, మూడేళ్ళది, కడుగుడు తొట్టి పక్కన గోనెసంచి మీద నిద్రలేచి, తొట్టిలో తేలుతున్న సీసా కోసం చెయ్యి పెట్టింది. కుడిచెయ్యి మోచేతి దాకా కాలింది. సీసాల జీపులో సంగారెడ్డి ఆసుపత్రికి తీసుకుపోయారు. బ్రతికింది. వేళ్ళు విడివడతాయో లేదో ఇప్పుడే చెప్పలేమన్నారు.

సాయంత్రం నాలుగింటికి యజమాని గారి మాట మీద పోలీసు ఫిర్యాదు రాశాను. సీసాలు అమ్మవచ్చిన బయటి స్త్రీ అనుమతి లేకుండా లోనికి చొరబడి, పసిపిల్లను నిర్లక్ష్యంగా వదిలిందని అందులో ఉంది. అవి నా అక్షరాలే.

మర్నాడు ముత్యమ్మను ఠాణాకు పిలిపించారు. సాక్షిగా నన్నూ పిలిచారు. బయటిదానివి లోపలికి ఎందుకు పోయావని జమేదారు అడిగాడు. ఆమె ఏడవలేదు. నన్ను చూసి ఆమె ముఖం తేటపడింది.

"గిదో, మా సారే వచ్చిండు. సారూ, నేను పనిదాన్నే అని చెప్పుండ్రి. పోరగాండ్ల గది కోసం నా ఏలు వట్టుకొని ముద్ర ఏయించిండ్రు గదా? గా కాయిదం తెప్పియ్యుండ్రి. అండ్ల ఉంటది నా పేరు."

తనను కాపాడుతుందని ఆమె నమ్మిన కాగితం అది. జమేదారు మనిషిని పంపి తెప్పించాడు. తానే పైకి చదివాడు. ముత్యమ్మ కాగితం వైపు చూడలేదు, నా వైపు చూసింది. "గట్ల సదవలేదు గద సారూ" అన్నది. అంతే అన్నది. జమేదారు నాకు కుర్చీ చూపించాడు. నేను కూర్చోలేదు.

ఈ వాంగ్మూలాన్ని నాపైనే వాడవచ్చని మేజిస్ట్రేటు గారు రెండుసార్లు హెచ్చరించారు. తెలిసే రాశాను. ఎవరి బలవంతమూ లేదు. ఎవరూ నాకు చదివి వినిపించలేదు. నేనే చదువుకున్నాను. ఇందులో ప్రతి మాటా జరిగినది.

(సంతకం) పిట్ల నరసరాజు

మనవి: దీనిని లేబరు ఇన్‌స్పెక్టరు గారికీ, కిషన్‌రావు గారికీ పంపే ముందు ముత్యమ్మకు వినిపించాలి. ఆమె ఆసుపత్రిలో పిల్ల దగ్గర ఉంది. పక్కన కౌసల్యను కూడా కూర్చోబెట్టాలి. తన కాగితం కూడా రాజీనామాయేనని కౌసల్యకింకా తెలియదు. చదివేవారు ఉన్నది ఉన్నట్టు చదవాలి. విన్న తరువాత ముత్యమ్మను వేలిముద్ర అడగవద్దు. చదివేది నేను కాకూడదు.