పేరు లేని అకౌంటెంట్

గద్వాల బస్టాండులో వనపర్తి బస్సు కోసం ఎదురుచూస్తున్న వదినా మరదళ్ల మాటలివి. మరదలు బీకాం చదివి ఏడాదిగా ఉద్యోగం వెతుకుతోంది. ఫొటోకి బదులు కాలిక్యులేటర్ బొమ్మ పెట్టి, పేరు చెప్పకుండా, జీఎస్టీ గురించి ఆన్‌లైన్‌లో రోజూ రాస్తోంది.

“వదినా, హైదరాబాద్ కంపెనీవాళ్లు మెసేజ్ పెట్టిండ్రు. ‘సార్, మీరు మంచిగ రాస్తున్నరు, మా దగ్గర పనిల ఎప్పుడు చేరుతరు’ అని అడుగుతుండ్రు.”

“సార్ అన్నరా?”

“మొగోడనుకున్నరు. నాకు కాలు నిలుస్తలేదు. ఏం చెయ్యాలె?”

“నీ పేరు, నీ ఫొటో పెట్టు.”

“పెడితే వద్దంటరేమో!”

“పెట్టకపోతే ఆఫీసుల ఎట్ల కూసుంటవ్, కాలిక్యులేటర్ మొఖం తగిలించుకొనా?”

“సరే, పెట్టిన. కృష్ణవేణి అని రాసిన. వాళ్లకు గూడ చెప్పిన... చూసిండ్రు వదినా. ఏందో రాస్తుండ్రు. మల్ల ఆపిండ్రు.”

“జర కూసో. గట్ల తిరిగితే జవాబు జల్ది వస్తదా?”

“వచ్చింది.”

“ఏమన్నరు?”

“ఊర్లు తిరిగే పనంట. మొగోళ్లే కావాల్నంట.”

“నా మాట ఇని పెడితివి. ఫొటో తీసేస్తవా ఇగ?”

“తియ్య. ఇంకోసారి ఎవలన్న పిలిస్తే, నన్నే పిలువాలె.”