అద్దకపు తొట్టిలో రంగు పోయిన విధం

నా పేరు రుమియాతి. వయసు ఇరవై తొమ్మిది. పెకలోంగన్‌లో ఒక కళాశాల ప్రయోగశాలలో సహాయకురాలిని. ఎవరూ నేర్పి పంపలేదు, వాంగ్మూలం ఇవ్వడానికి పోలీసు స్టేషనుకు నా అంతట నేనే వచ్చాను.

బాదం ఆకులు మరిగించిన కషాయంలో వెండి లవణం కలిపి, కంటికి ఆననంత సన్నటి వెండి రేణువులు తయారుచేయడం నా పని. ఆ రేణువులకు తోడు ఇంకో మందు వేస్తే బాతిక్ బట్టల అద్దకంలో మిగిలిన రంగునీళ్లు గ్లాసెడు పన్నెండు నిమిషాల్లో తేటపడతాయి. ఇంట్లో ఈ సంగతి మురిసిపోతూ చెప్పాను. మా అన్న కస్మూరి పద్నాలుగేళ్లుగా హాజీ జుమాది గారి అద్దకపు కార్ఖానాలో పనిచేస్తున్నాడు. అతను వెళ్లి యజమానికి చెప్పాడు.

ఈ నెల తొమ్మిది, మంగళవారం ఉదయం ఏడుంబావుకు అన్న నన్ను కార్ఖానా వెనక షెడ్డుకు తీసుకెళ్లాడు. ఎనిమిది వేల లీటర్ల తొట్టి, నిండా నల్లటి నీళ్లు. పదింటికి కాలుష్య తనిఖీ అధికారి వస్తాడని, నీళ్లలో రంగు కనిపిస్తే కార్ఖానాకు సీలు వేస్తారని చెప్పాడు.

"అన్నయ్యా, గ్లాసు వేరు, తొట్టి వేరు. నా దగ్గరున్నది సీసాడు మందు" అన్నాను.

"గ్లాసులో పోయిన రంగు తొట్టిలో పోదేంటే? ముప్పై కొంపలు నీ చేతిలో ఉన్నాయి" అని బయటికెళ్లి తాళం వేశాడు.

సీసా మొత్తం పోశాను. రంగు మారలేదు. తలుపు బాదాను. ఎనిమిదింటికి తలుపు కిందనుంచి అరటాకు పొట్లం లోపలికి జరిగింది. పనసపొట్టు కలిపిన అన్నం.

"తినవే, పొద్దున్నుంచి ఏం తిన్లేదు."

"తాళం తియ్యి."

"హాజీ గారు ఇక్కడే కూర్చున్నారే తల్లీ" అన్నాడు గొంతు తగ్గించి.

గ్లాసు వేరు, తొట్టి వేరు అని మళ్లీ చెప్పాను. అన్నం తిన్నాను. ఎలా తినగలిగానో తెలియదు.

మూలన బ్లీచింగ్ పౌడరు బస్తాలు మూడున్నాయి. తొమ్మిదింటికి మూడూ తొట్టిలో గుమ్మరించాను. కళ్లు మండాయి. తొమ్మిదీ నలభైకి నీళ్లు తేటపడ్డాయి.

పదింటికి అన్న తలుపు తీశాడు. అధికారి గాజుసీసాలో నీళ్లు పట్టి వెలుగులోకి ఎత్తి చూశాడు. "ఇది హాజీ గారు చెప్పిన ఆకుల మందేనా అమ్మా?" అని నన్నే అడిగాడు. ఆయన వెనకే అన్న నిలబడి ఉన్నాడు.

"అవునండీ, ఆకుల మందే" అన్నాను.

ఆయన సంతకం పెట్టి వెళ్లాడు. పదిన్నరకు నీళ్లు ఏటిలోకి వదిలారు. పన్నెండింటికల్లా దిగువన సర్మినీ పిన్ని వలల్లో పెంచుకుంటున్న చేపలన్నీ వెల్లకిలా తేలాయి. ఆమె ఒక్కో చేపనూ తీసి, బతికుందేమోనని మళ్లీ నీళ్లలో వదిలి చూస్తోంది. నేను గట్టున నిలబడ్డాను.

తాళం వేసింది మా అన్నే. బెదిరించి నీతో అలా చెప్పించారని రాసుకోనా అని మీరు అడిగారు. వద్దు. బ్లీచింగ్ వేసినప్పుడు తలుపు మూసి ఉంది. అబద్ధం చెప్పినప్పుడు తెరిచే ఉంది.

రాసిందంతా నాకు చదివి వినిపించారు. నేను చెప్పినట్టే ఉంది. నిజమని ఒప్పుకుని చేవ్రాలు చేస్తున్నాను.

(సంతకం) రుమియాతి