మాటలుండే చోటు

తలలో గడ్డకు ఆపరేషన్ మర్నాడు పొద్దున. ఆసుపత్రి మంచం మీద కూర్చున్న టైలరమ్మకు, ఇరవై ఏళ్ళుగా పక్క మిషన్ మీద కుట్టే స్నేహితురాలు తల దువ్వుతోంది.

“తల తెరిచాక నాకు మెలకువ తెప్పిస్తారటే.”

“అమ్మో! నొప్పి?”

“మెదడుకి నొప్పి తెలీదట.”

“ఒళ్ళంతటి నొప్పీ మనకి చెప్పేది అదే కదే! దానికే తెలీదా?”

“నేనూ ఇలాగే నోరెళ్ళబెట్టాను. బొమ్మలు చూపిస్తారట, నేను పేర్లు చెప్పాలి. ఎక్కడ తాకితే నా మాట ఆగుతుందో అక్కడ కత్తి పెట్టరట.”

దువ్వుతున్న చెయ్యి ఆగింది. వేళ్ళ కింద తల వెచ్చగా ఉంది. ఇంత పల్చటి ఎముక చాటునే ఉన్నాయా మాటలన్నీ?

“ఇక్కడేనా?”

“ఇంకొంచెం ఎడమకి. మా అమ్మ పేరు, నీ పేరు, కొలతలు, తిట్లు, అన్నీ అక్కడేనట.”

“ఈ గుప్పెడు చోట్లోనా!”

“ఊఁ. నీ పేరు పోతే ఎలాగే?”

“మళ్ళీ నేర్పుతాం. షాపులో వంతులు కూడా వేసుకున్నాం, రోజుకొకరం. మొదటి వంతు నాదే.”

“అందరూనా?”

“నీతో మాటల్లేనిది కూడా.”

టైలరమ్మ నవ్వింది. తర్వాత కాసేపు ఏడ్చింది. స్నేహితురాలు ఆ ఎడమవైపు మీద అరచెయ్యి ఆనించి, తియ్యకుండా అలాగే ఉంచింది.

మర్నాడు సాయంత్రం కట్టు కింద కళ్ళు తెరుచుకున్నాయి. ఎండిన పెదాలు కదిలాయి. స్నేహితురాలిని పేరు పెట్టి పిలిచాయి.

“ఏదీ, ఇంకోసారి పిలువు” అందామె, ఆ పేరు అంతకుముందు ఎన్నడూ విననట్టు.