థోంగ్ తవ్విన యాపిల్ గొయ్యి

"యాపిల్‌ని గడ్డకట్టించడం ఎవడికైనా వచ్చు. దాన్ని మళ్ళీ తెల్లగా బయటికి తీయడం మాత్రం ఈ ఊళ్ళో నా ఒక్కడికే వచ్చు," అన్నాడు థోంగ్, దూ పెద్దమ్మ కొట్లో పొయ్యి పక్కకి స్టూలు లాక్కుంటూ.

మామూలు రోజైతే ఈ మాటకి ఎవరూ అడ్డం చెప్పేవాళ్ళు కాదు. కానీ ఆ రోజు పొద్దున్నించీ చూరు కారుతోంది. చలికాలమంతా రాయిలా పడి ఉన్న మంచు కరిగి నీరవడం మొదలుపెట్టింది. దూ పెద్దమ్మ జొన్న సారా పోస్తూ, "ఎండ తిరిగిందిరా థోంగ్, నీ పెరట్లో బాన ఇంకెన్నాళ్ళు ఆగుతుంది? ఉన్న పళ్ళన్నీ మేయ్‌రోంగ్‌కి ఇప్పుడే పెట్టెయ్యి," అంది. మంచికే అంది గానీ అనకూడని మాట.

మేయ్‌రోంగ్ థోంగ్ పెళ్ళాం. గొంతులో పుండు, ముదిరిపోయింది. జిల్లా ఆసుపత్రి వాళ్ళు ఇంటికి పంపించేస్తూ, నది మీద మంచు విరిగేదాకా ఉంటే గొప్పేనన్నారు. అన్నం దిగదు, గంజి దిగదు. మంచులో గడ్డకట్టిన యాపిల్‌ని కరిగించి, చిన్న గాటు పెట్టి నోటికందిస్తే, ఆ రసం ఒక్కటే కాస్త లోపలికి పోతోంది.

ఆవిడ తమ్ముడు నింగ్ హైలిన్ అప్పటికే వచ్చి తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. "బావా, అక్క నిన్ను రమ్మంటోంది," అన్నాడు.

"వస్తున్నా, ఒక్క నిమిషం కూచో," అన్నాడు థోంగ్, అటు చూడకుండానే.

హైలిన్ టోపీ తీసి కూచున్నాడు. మాట తక్కువ మనిషి. ఈ మధ్య థోంగ్ ఇంటిపట్టున ఉండట్లేదని ఊరందరికీ తెలుసు. పొద్దున్నే పొయ్యి రాజేసి, పెళ్ళానికో పండు పెట్టి, పెరట్లో ఏదో పని చేసుకుని, ఇక్కడికొచ్చి పడతాడు. అది చూస్తే నాకు ఒళ్ళు మండేది. ఆవిడ అక్కడ గోడవైపు తిరిగి పడుకుని ఉంటే వీడికి ఇక్కడ కోతలేమిటి అనుకునేవాణ్ణి. అనుకుంటూనే వినడానికి రోజూ నేనూ వచ్చేవాణ్ణి.

"విను పెద్దమ్మా. మీరంతా ఏం చేస్తారు? బస్తా విప్పి పళ్ళన్నీ మంచులో గుమ్మరిస్తారు. ఒకదానికొకటి అంటుకుని చస్తాయి. నేనలా చెయ్యను. ఒక్కో పండునీ మెత్తటి గుడ్డతో తుడుస్తాను, పసిపిల్లకి మొహం తుడిచినట్టు. తొడిమ పైకుండేట్టు, పండుకీ పండుకీ మధ్య సందు వదిలి మంచు మీద పరుస్తాను. ఒక రాత్రి చలి బాగా పట్టాక పైన నీళ్ళు చిలకరిస్తాను. అద్దంలాంటి పొర కడుతుంది. అప్పుడు బానలో పేర్చి మంచు కప్పుతాను. ఆ పొర ఉంది చూశావూ, కిటుకంతా అందులోనే. చెట్టు దిగిన సంగతే లోపలి పండుకి తెలియదు."

"కరిగిస్తే నల్లబడుతుందిగా థోంగన్నా," అన్నాడు ఫాన్. ట్రాక్టరు తోలుకునే ఫాన్‌కి థోంగ్‌ని గిల్లకపోతే సారా దిగదు. "మా ఇంట్లో అన్నీ నల్లగా, మెత్తగా, వేలు పెడితే దిగిపోయేట్టుంటాయి."

"మీ ఆవిడ వేణ్ణీళ్ళలో పడేస్తుందిరా, అందుకని. వేణ్ణీళ్ళలో వేస్తే పైన ఉడుకుతుంది, లోపల రాయి రాయిలాగే ఉంటుంది. చల్లనీళ్ళలో వెయ్యాలి. చలిని బయటికి లాగేది చల్లనీళ్ళే. లాగి పండు చుట్టూ మంచు పెంకు కడతాయి. ఆ పెంకు పగలగొట్టాలి."

"అదొక్కటీ నిజం," అంది దూ పెద్దమ్మ.

నిజమే. మా వైపు అందరం అలాగే చేస్తాం. థోంగ్‌తో వచ్చిన చిక్కే ఇది, మొదటి మాట ఎప్పుడూ నిజమే అవుతుంది.

"పెంకు పగలగొడితే నా పండు కరకరలాడుతుంది. కరిగించకముందు నేలకేసి కొడితే నేల పగులుతుంది. నవ్వకండి! మా మేకల దొడ్లోకి తోడేలు రాలేదూ? నా దగ్గర తుపాకీ ఎక్కడిది? బానలో చెయ్యి పెట్టి, చేతికందిన పండు విసిరాను. సరిగ్గా నుదుటి మీద. కిక్కురుమనకుండా కూలింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పండు తీసి చూస్తే దాని మీద గీత కూడా పడలేదు. కరిగించి మేయ్‌రోంగ్‌కి పెడితే ఇంత తియ్యటి పండు తినలేదంది."

"తోడేలు నెత్తురంటిన పండా?"

"కడిగి పెట్టానురా! నేనేమన్నా పశువునా?"

నవ్వాం. హైలిన్ నవ్వలేదు, లేచి వెళ్ళనూ లేదు.

"బాన సంగతి సరే. ఎండాకాలం ఏం చేస్తావు?" అని అందించాడు ఫాన్.

"అదే చెప్పబోతున్నా, మధ్యలో దూరకు. మా పెళ్ళయిన మరుసటేడు పెరట్లో గొయ్యి తవ్వాను. మనిషి లోతు. ఛ, మనిషి లోతేమిటి, ఇద్దరు మనుషులు ఒకడి భుజాల మీద ఒకడు నిలబడేంత. నది మీంచి మంచు పలకలు కోసుకొచ్చి నాలుగు గోడలు కట్టాను. సందుల్లో రంపపు పొట్టు కూరాను. లోపల పళ్ళు. పైన ఊక, ఊక మీద గడ్డి, గడ్డి మీద మట్టి. కుక్కలు నాలుకలు వేలాడేసుకుని తిరిగే ఎండల్లో, ఒకరోజు మేయ్‌రోంగ్ పండు కావాలంటే మూత తీశాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మంచు కురిసింది! పైనించి కాదు, గొయ్యిలోంచి పైకి! పెరడంతా తెల్లబడిపోయింది. పక్కింటి చిక్కుడు పాదు అక్కడికక్కడే మాడిపోయింది. బాతులు పాపం, చలికాలం వచ్చేసిందనుకుని దక్షిణం వైపు ఎగిరిపోయి మళ్ళీ రాలేదు."

"అవి నా బాతులు," అంది దూ పెద్దమ్మ. "నక్క ఎత్తుకుపోయింది వాటిని."

"నక్కనుకున్నావు పెద్దమ్మా. నీ మనసు కష్టపెట్టడం ఎందుకని ఇన్నాళ్ళూ నేనే చెప్పలేదు."

"ఆహా, ఎంత దయ!"

"ఆ గొయ్యిలో పండు రెండో ఏటికీ చెక్కుచెదరలేదు. మూడో ఏటికి ఇంకాస్త తియ్యనైంది. అక్కడ కాలం నడవదమ్మా, కాళ్ళు ముడుచుకుని కూచుంటుంది. ఎన్నేళ్ళ పండో కూడా మర్చిపోయి ఒకటి ఈ ఫాన్ గాడి నాయనమ్మకి పెట్టాను. తెల్లారేసరికి ఆవిడ జుట్టు నల్లగా నిగనిగలాడిపోయింది."

"మా నాయనమ్మ నేను పుట్టకముందే పోయింది."

"మరి నువ్వెలా చూస్తావురా? నల్లటి జుట్టుతోనే పోయింది, మహాతల్లి."

ఈసారి ఫాన్‌తో సహా అందరం పగలబడి నవ్వాం. థోంగ్ నవ్వలేదు. సారా ఒక్క గుక్కలో తాగి గ్లాసు ముందుకు తోశాడు. దూ పెద్దమ్మ పొయ్యలేదు. "ఇంటికెళ్ళరా," అంది మెల్లగా. అతను వినిపించుకోలేదు.

"ఇంతకీ అసలు సంగతి చేప. నది పలకల్లో ఒక గండుచేప ఇరుక్కుని ఉంది, కోసేటప్పుడు నేను చూసుకోలేదు. ఆ పలక ఏడాదిపాటు నా గొయ్యిలో గోడగా నిలబడింది. గొయ్యి శుభ్రం చేస్తూ దాన్ని తీసి బావి నీళ్ళలో పడేస్తే, చేప చుట్టూ పెంకు కట్టింది. కర్రతో తట్టాను. తోక ఆడించింది! నోరు తెరిచింది, మూసింది, నా మొహంలోకి చూసింది. ఆ చూపు చూశాక తినబుద్ధి కాలేదు. తీసుకెళ్ళి నదిలో వదిలేశాను. ఇప్పటికీ నేను వంతెన మీద నిలబడితే తల పైకెత్తి పలకరిస్తుంది. చేపకే పనిచేసిందంటే, మనిషికి ఎందుకు చెయ్యదు?"

పొద్దుతిరుగుడు గింజలు నములుతున్న ఫాన్ ఆగిపోయాడు. "మనిషికా?" అన్నాడు.

"చేసింది కాబట్టే చెబుతున్నా. మా మామగారికి చేసింది."

హైలిన్ తలెత్తాడు. థోంగ్ అతని వైపు చూడలేదు. పొయ్యిలోకి చూస్తూ చెప్పుకుపోయాడు.

"పక్కూళ్ళో పెళ్ళిభోజనం చేసి, పీకలదాకా తాగి, నడిచొస్తున్నాడు. మంచు గాలి మొదలైంది. మొక్కజొన్న చేలో కాసేపు ఆగుదామనుకున్నాడో ఏమో, కూలబడ్డాడు. పొద్దున్న మేం వెళ్ళేసరికి కూచున్నవాడు కూచున్నట్టే ఉన్నాడు. చెయ్యి ఇలా ముందుకి చాచి, ఎవరో గ్లాసు అందిస్తున్నట్టు. వేలితో కొడితే ఖంగుమంటున్నాడు. ఇంటికి మోసుకొచ్చాం. మేయ్‌రోంగ్ ఏడుపు ఊరంతా వినపడుతోంది. పెద్దవాళ్ళేమో లోపలికి తీసుకురండి, కింద పొయ్యి మండే అరుగు మీద పడుకోబెట్టండి అంటున్నారు. నేను గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను. పండుని పాడుచేసినట్టు మనిషిని పాడుచేస్తారా అని అరిచాను. ఉన్నవాటిలోకి పెద్ద బాన తెప్పించాను. బావి నీళ్ళు పోయించాను. చల్లనీళ్ళు. అందులో కూచోబెట్టాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

ఫాన్ గింజల పొట్లం పక్కన పెట్టాడు.

"పెంకు కట్టింది. ఒంటినిండా. లోపలున్న చలంతా బయటికి వచ్చేసింది. గరిటె తీసుకుని నుదుటి దగ్గర మొదలుపెట్టి మెల్లమెల్లగా తట్టాను. పెళపెళా ఊడిపోయింది. లోపల మామగారు ఎర్రగా, దోరగా ఉన్నాడు. ఒక కన్ను తెరిచాడు, తర్వాత రెండోది. మేయ్‌రోంగ్‌ని చూసి, ఎందుకే ఏడుస్తావు అన్నాడు. చాచిన చెయ్యి చాచినట్టే ఉంది. నన్ను చూసి, అల్లుడూ, ఇందులో పొయ్యి అన్నాడు. పోశాను. గటగటా తాగేసి, మీసాలు తుడుచుకుని, మళ్ళీ పెళ్ళికి బయల్దేరాడు!"

తనే గట్టిగా నవ్వాడు. తోడు నవ్వినవాళ్ళు లేరు. అంతదాకా నవ్వినందుకు నాకు సిగ్గేసింది.

"అందుకే ఆ గొయ్యి మళ్ళీ తవ్వుతున్నా," అన్నాడు థోంగ్. గొంతు తగ్గింది, మాటల వేగం మాత్రం తగ్గలేదు. "నేల ఇంకా గట్టిగానే ఉంది, గునపం దిగట్లేదు. నిప్పులు పోసి మెత్తబరుస్తున్నా. నది మీద మంచు ఇంకా ఉంది, పలకలు కోసుకోవచ్చు. ఫాన్, నీ ట్రాక్టరు కావాలి. హైలిన్, నువ్వు వచ్చి సాయం పట్టు. మెత్తటి గుడ్డతో తుడిచి, పైన నీళ్ళు చిలకరించి... మేయ్‌రోంగ్‌కేం తెలియదు. చెట్టు దిగిన సంగతి పండుకే తెలియనప్పుడు... పట్నంలో డాక్టర్లు ఊరికే కూచోరుగా? ఎప్పటికో ఒకప్పటికి మందు కనిపెడతారు. ఆ రోజు మూత తీసి చల్లనీళ్ళు పోస్తాను. అప్పటికి నేను పళ్ళూడిన ముసలాణ్ణయిపోతాను, అది మాత్రం ఇలాగే ఉంటుంది. ఎవడీ ముసలాడు అంటుంది నన్ను చూసి. అననీ. నేను చెప్పుకుంటాను దానికి. అన్నీ చెప్పుకుంటాను."

దూ పెద్దమ్మ చేతి తొడుగుతో కళ్ళు ఒత్తుకుంది. ఫాన్ నా వైపు చూశాడు. నేను నేలకేసి చూశాను.

"బావా," అన్నాడు హైలిన్. "నాన్న లేవలేదు."

"నీకేం తెలుసురా? నువ్వప్పుడు..."

"నీళ్ళు మోసింది నేనే. బావి దగ్గర్నించి." హైలిన్ గొంతు పెంచలేదు. "చెయ్యి చాచి ఉండటంతో శవపెట్టె మూత పడలేదు. పెద్దవాళ్ళు విరగ్గొడదామన్నారు. నువ్వే గుమ్మానికి అడ్డంగా నిలబడ్డావు. విరగ్గొట్టద్దు, చల్లనీళ్ళలో పెడితే వంగుతుంది అన్నావు. వంగింది. పెంకు నువ్వే ఊడదీశావు, నీ వేళ్ళు కొంకర్లు పోయేదాకా. అక్కని అటు రానివ్వలేదు. నాన్నని చక్కగా, నిద్రపోతున్నవాడిలా సర్ది పాతిపెట్టాం. నువ్వు చేసింది మా ఇంట్లో ఎవరం మర్చిపోలేదు. కానీ నాన్న లేవలేదు బావా."

ముందుకు తోసిన గ్లాసుని థోంగ్ మళ్ళీ దగ్గరికి లాక్కున్నాడు.

"అక్క నన్ను పళ్ళకోసం పంపలేదు," అన్నాడు హైలిన్. "పొద్దున్నించీ రసం కూడా దిగట్లేదు. నువ్వు పెరట్లో నిప్పులు పోసి తవ్వుతుంటే కిటికీలోంచి చూస్తూనే ఉంది. ఎందుకో తనకి అర్థమైంది. నన్నేమీ నిలవపెట్టద్దని మీ బావకి చెప్పు, ఉన్నంతసేపూ వచ్చి పక్కన కూచోమను అంది. అది చెప్పడానికే వచ్చాను."

పొయ్యిలో కర్ర కదిలింది. థోంగ్ తన చేతులు చూసుకున్నాడు. వేళ్ళ మీద గునపం రాపిడికి చర్మం లేచిపోయి ఉంది.

"లేవలేదా?" అన్నాడు చివరికి, ఎవరో కొత్తగా చెప్పిన కబురులా.

"లేదు బావా."

స్టూలు వెనక్కి తోసి లేచాడు. కోటు గుండీలు పెట్టుకోబోతే, చర్మం లేచిన వేళ్ళకి పట్టు దొరకలేదు. దూ పెద్దమ్మ వచ్చి, ఒక్కోటీ తనే పెట్టింది.

"పద," అన్నాడు థోంగ్.

హైలిన్ తలుపు తీసి పట్టుకున్నాడు.